బాగా చెప్పినాడు గానీ, మనమేం ఇడుస్తాండాం?

2023 సెప్టెంబర్‌లో ఢిల్లీలో జీ20 జరిగిన ఆ శని, ఆదివారాలు కడపలో మా ఇంట్లో టీవీ నోరు మూయలేదు. నాయనకు ఎనభై దాటాయి. చూపు తగ్గింది కాబట్టి టీవీ చూడడు, వింటాడు. వక్కాకు నములుతూ చెవి అటు పెట్టి ప్రసంగాలన్నీ విన్నాడు. ఒకే భూమి, ఒకే కుటుంబం, ఒకే భవిష్యత్తు. వసుధైవ కుటుంబకం. ఆఫ్రికన్ యూనియన్‌ను సభ్యత్వంలోకి తీసుకుంటున్నామని ప్రధాని ప్రకటించి, ఆ యూనియన్ అధ్యక్షుణ్ణి పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు "అది మంచి పని" అన్నాడు నాయన. అంతా అయ్యాక నా వైపు తిరిగి, "బాగా చెప్పినాడబ్బీ. అందరూ బాగానే చెప్పినారు. మనమేం ఇడుస్తాండామో అది మాత్రం ఒక్కరూ చెప్పలేదే?" అన్నాడు.

నేను డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పేవాణ్ణి. ఆ మాటకు మొదట చిరాకేసింది. ప్రపంచ వేదిక అంటే మన ఊరి రచ్చకట్టా నాయనా అనబోయి ఆగిపోయాను. ఆ రచ్చకట్ట మీద ఆయన మాట్లాడిన ఒక రాత్రి గుర్తొచ్చింది.

సీమ అనగానే బాంబులు, గాల్లోకి లేచే సుమోలు అనుకునేవాళ్ళకు ఒక మాట. ఇక్కడ కొట్లాటల కంటే పంచాయితీలు చాలా ఎక్కువ. కొట్లాట ఒక పూటలో అయిపోతుంది. రాజీకి నెలలు పడుతుంది. సినిమావాళ్ళకు అంత ఓపిక ఉండదు.

మా ఊరు మైదుకూరు దగ్గర, కేసీ (కర్నూలు–కడప) కాలువ చివరి ఆయకట్టులో ఉంది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయలుదేరి, కర్నూలు, నంద్యాల దాటి కడప జిల్లాలోకి వచ్చే కాలువ అది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. నీళ్ళమ్ముకోవచ్చు, పడవలూ నడుపుకోవచ్చు అనుకున్నారు. లాభాలు రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. చివరి ఆయకట్టు అంటే ఏమిటో కాలువ మీద బతికినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పైవాళ్ళందరి వరి తడిశాక మిగిలింది మాకు వస్తుంది. మిగిలితే.

ఎనభైల చివర్లో, వానలు ఎగ్గొట్టిన ఒక ఏడాది, పైవూరివాళ్ళు తూము దగ్గర రాళ్ళు, బంకమట్టి పెట్టి మా కాలువ మూసేశారు. మావాళ్ళు రాత్రి పోయి తీశారు. వాళ్ళు మళ్ళీ పెట్టారు. మూడో రాత్రి పార కామతో ఒకరి తల పగిలింది. పగిలింది వాళ్ళ మనిషిది. కేసులయ్యాయి. కాలువ నీళ్ళు చూసే లస్కరు అయితే డ్యూటీకే రావడం మానేశాడు. పసుపు ఎండుతోంది. అప్పుడు నాయన, ఇంకో ఇద్దరు కలిసి పైవూరికి రాజీ మాటకు పోయారు. నన్నూ తీసుకుపోయారు. నేను తొమ్మిదో తరగతి, చేతిరాత బాగుంటుందని.

కాగితం రాసింది నేనే. పైవూరి పెద్దాయన మొదటి వాక్యం చెప్పాడు: "మన రెండు గ్రామాల ప్రజలమూ సోదరభావంతో..." నేను రాసేశాను. నాయన నా చేతిలో పెన్ను తీసుకుని ఆ వాక్యం మీద గీత కొట్టాడు. పెద్దాయన ముఖం మాడిపోయింది. "తప్పుగా అనుకోవద్దు మామా. అది పైన ఉంటే కింద ఉండేది ఎవురూ చదవరు" అన్నాడు నాయన. కింద రాసింది నాలుగే ముక్కలు. వారంలో నాలుగు రోజులు వాళ్ళకు, గురువారం పొద్దుటి నుంచి మూడు రోజులు మాకు. ఎవరి వంతులో వాళ్ళే తూము ముట్టుకోవాలి. తల పగిలినాయన ఆస్పత్రి ఖర్చు మాది. కేసులు ఇరువైపులా తీసేసుకోవాలి.

అసలు కథ ఆ రాత్రి జరిగింది. ఊరికొచ్చి రచ్చకట్ట మీద కూర్చుని, అరచేతిలో ఆ కాగితం పెట్టుకుని, నాయన మావాళ్ళకు చెప్పిన మాటలు ఇవి: "మూడు రోజులకు ఒప్పుకున్నా. మూడు రోజుల నీళ్ళతో పల్లంలో వరి నిలబడదు. పల్లంలో ఉండేవాళ్ళు ఈసారి జొన్న ఏసుకోండి. నా నాలుగెకరాలూ ఆడనే ఉండాయి, నేనూ జొన్నే ఏస్తా. వాళ్ళ వంతులో మనోడు ఎవుడన్నా తూము కాడికి పోతే కేసు నేనే పెట్టిస్తా." ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనకనుంచి ఒక గొంతు: "ఎంతకు అమ్ముడుపోయినావు?"

పై ఊళ్ళో నాయనను ఎవరూ తిట్టలేదు. తిట్టింది సొంత ఊళ్ళోనే. దేశాల మధ్య సహకారం గురించి నాయకులు చేసే ప్రసంగాలను నేనిప్పుడు ఈ కొలతతోనే చూస్తున్నాను. ఎదుటి దేశాన్ని అన్నదమ్ములని పిలవడానికి ఖర్చేమీ లేదు. ఆ స్నేహం కోసం మనం ఫలానాది వదులుకుంటున్నాం అని సొంత జనం ముఖం చూసి చెప్పడానికే దమ్ము కావాలి. రెండోది లేని మొదటిది పెళ్ళిపందిట్లో మైకు లాంటిది. సందడి బాగానే ఉంటుంది, ముహూర్తం అయ్యాక పట్టుకుపోతారు.

వసుధైవ కుటుంబకం సంగతే చూడండి. ఆ శ్లోకం మహోపనిషత్తులో ఉంది, గొప్ప మాట. అదే శ్లోకం హితోపదేశంలోనూ వస్తుంది. అక్కడ దాన్ని చెప్పేది నక్క. జింకతో స్నేహం కట్టి, సమయం చూసి దాని మాంసం తినాలని వచ్చిన నక్క. కొత్తవాళ్ళను నమ్మొద్దని కాకి అడ్డుపడితే, వీడు నావాడు వాడు పరాయివాడు అనేది చిన్న బుద్ధిగలవాళ్ళ లెక్క, ఉదారులకు భూమంతా కుటుంబమే అని నక్క ఉపన్యాసం ఇస్తుంది. తర్వాత జింక వలలో పడుతుంది. కొరికి విడిపించమంటే నక్క ఏమంటుందో తెలుసా? ఈ వల నరాలతో చేసింది, ఇవాళ ఆదివారం, పళ్ళతో ఎలా ముట్టుకునేది, రేపు చూద్దాం అంటుంది. ఈ ఆదివారం ముక్క చదివినప్పుడల్లా నాకు ఐక్యరాజ్యసమితి తీర్మానాలు గుర్తొస్తాయి. శ్లోకంలో తప్పేమీ లేదు. చెప్పినవాడు పళ్ళు వాడతాడా లేదా అన్నదే చూసుకోవాలి.

నెహ్రూ ఒక్కడి జీవితంలోనే ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. 1954 ఏప్రిల్ 29న చైనాతో కుదిరింది నిజానికి టిబెట్‌తో వ్యాపారం, రాకపోకల గురించిన ఒప్పందం. పంచశీల అనే ఐదు శాంతి సూత్రాలు దాని పీఠిక. పీఠిక ప్రపంచమంతా మారుమోగింది, మరుసటేడు ఆసియా, ఆఫ్రికా దేశాల బాండుంగ్ సభలో ఇంకా పెద్దదయింది. హిందీ చీనీ భాయి భాయి అని వీధుల్లో అరిచారు. కింద సరిహద్దు ఊసే లేదు. మా నాయన గీత కొట్టిన వాక్యమే అక్కడ ఒప్పందమంతా ఆక్రమించేసింది. మనదని మనమనే లడఖ్ అంచు అక్సాయ్‌చిన్‌లో చైనా రోడ్డు వేసిందని 1957లోనే మన ప్రభుత్వానికి తెలుసు. పార్లమెంటుకు తెలిసింది 1959 ఆగస్టులో. సొంత ఊరికి చెప్పకుండా రెండేళ్ళు దాచిన మాట అది. బయటపడ్డాక ఇక ఇచ్చిపుచ్చుకునే వీలే లేకుండా పోయింది. సభలో కోపం, వీధుల్లో కోపం, ఒక్క అంగుళం వదిలినా ద్రోహమే అన్న వాతావరణం. 1962 జూన్‌లో ఆ వ్యాపార ఒప్పందం గడువు తీరింది. అక్టోబర్‌లో యుద్ధం.

అదే నెహ్రూ 1960 సెప్టెంబర్ 19న కరాచీలో పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌తో సింధు జలాల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ప్రపంచ బ్యాంకు మధ్యవర్తి. రావి, బియాస్, సట్లెజ్ మనకు. సింధు, జీలం, చీనాబ్ వాళ్ళకు. మొత్తం నీళ్ళలో దాదాపు 80 శాతం అటు పోతుంది. పైగా వాళ్ళ కొత్త కాలువల కోసం మనం 6 కోట్ల 20 లక్షల పౌండ్లు పదేళ్ళ వాయిదాల్లో కట్టాలి. నవంబర్‌లో లోక్‌సభలో చర్చకొస్తే సొంత పార్టీవాళ్ళతో సహా అందరూ ఉతికారు. నీళ్ళూ ఇచ్చి, డబ్బూ ఇస్తారా అని. నెహ్రూ అక్కడ అన్నదమ్ముల కబుర్లు చెప్పలేదు. అవును, సెటిల్‌మెంట్ కొనుక్కున్నాం, ఆ మేరకు శాంతిని కొనుక్కున్నాం, ఇద్దరికీ మంచిదే అన్న అర్థంలో జవాబిచ్చాడు. సంతకం పెట్టాక చెప్పాడు తప్ప ముందు చెప్పలేదు, అది లోపమే. కానీ ధర దాచలేదు. భాయి భాయి ఎనిమిదేళ్ళు నిలవలేదు. ఎవరూ పాట కట్టని, ఎవరికీ నచ్చని ఈ కాగితం 1965, 1971, 1999 యుద్ధాలను దాటింది. 2016లో రక్తం, నీళ్ళు కలిసి పారవు అన్న మాట వచ్చింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 23న ఒప్పందాన్ని పక్కన పెట్టారు. అది తప్పా ఒప్పా అన్నది ఇంకో వ్యాసం, మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు.

నీళ్ళ విషయంలో మనవాళ్ళకు ఇంకో ఉదాహరణ పక్కనే ఉంది. తుంగభద్ర డ్యాం ఒకప్పుడు రెండు వేర్వేరు ప్రభుత్వాల బేరం. ఇటు బ్రిటిష్ మద్రాసు, అటు నిజాం. శంకుస్థాపన 1945 దాకా రాలేదు. ఆనాటి ఉపన్యాసాలు ఇప్పుడెవరికి గుర్తు? 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు కర్నూలు నుంచి కడప దాకా అందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. మూడు రాష్ట్రాల నాయకుల ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. గుర్తున్నది మాత్రం పారే నీళ్ళలోకి స్టాప్‌లాగ్ ఇనుప పలకలు ఒక్కొక్కటే దించిన తీరు, ఆ పెద్ద వయసులో దగ్గరుండి ఆ పని చేయించిన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు.

టీకాల విషయానికి వస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 2021లో ధనిక దేశాల నాయకులందరి నోటా ఒకటే మాట: అందరూ క్షేమంగా ఉండేదాకా ఎవరూ క్షేమంగా లేనట్టే. అది అంటూనే కెనడా లాంటి దేశాలు తమ జనాభాకు కావలసినదానికి ఎన్నో రెట్ల డోసులు ముందే బుక్ చేసుకున్నాయి. మనమూ ఆ జనవరి 20న వ్యాక్సిన్ మైత్రి మొదలుపెట్టి, ఏప్రిల్‌కల్లా 6 కోట్ల 60 లక్షల డోసులు బయటికి పంపాం. అందులో ఉచితంగా ఇచ్చింది కోటి పైచిలుకే. సగానికి పైగా అమ్మకం, మిగిలింది పేద దేశాలకు టీకాలు అందించే అంతర్జాతీయ పథకం కోవాక్స్‌కు. పంపడం తప్పని నేనను. ఆఫ్రికాలో నర్సుకు టీకా అందితే నాకు సంతోషమే. కానీ ఆ లెక్క మనకు ముందుగా ఎవరు చెప్పారు? ప్రపంచానికి ఔషధశాల అన్నారు, విశ్వగురువు అన్నారు. ఇన్ని బయటికి పోతాయి, కాబట్టి మీ వంతు ఇన్నాళ్ళు ఆలస్యమవుతుంది, ఓర్చుకోండి అని ఒక్కరూ అనలేదు. ఏప్రిల్, మే నెలల్లో అమ్మకు రెండో డోసు కోసం ఒక కేంద్రం చుట్టూ మూడుసార్లు తిరిగాను. మూడోసారి గేటుకు అట్టముక్క కట్టి ఉంది, "స్టాక్ లేదు" అని స్కెచ్ పెన్నుతో. క్యూలో నా వెనక ఒకాయన అన్నాడు: "బయటి దేశాలకు పంపినారంటనే, మనకేం మిగుల్తాయి?" ఢిల్లీలో అదే ప్రశ్న పోస్టర్ వేసినందుకు మనుషుల్ని అరెస్టు చేశారు. సహకారం మీద జనానికి మంట పుట్టించాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. అడిగి తీసుకుంటే దానం చేసేవాడే, చెప్పకుండా తీసుకుంటే దొంగతనం అంటాడు.

వాతావరణం డబ్బూ ఇంతే. 2009లో కోపెన్‌హేగెన్ వాతావరణ సభలో ధనిక దేశాలు పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. వాళ్ళ లెక్కల ప్రకారమే ఆ అంకె అందింది 2022లో. వేదిక మీద మాటిచ్చిన నాయకులు ఇంటికెళ్ళి, మీ పన్నుల్లోంచి ఇంత తీస్తాను అని ఓటర్లతో అనలేకపోయారు. అనంతపురంలో వేరుశనగ ఎండినప్పుడు ఆ రైతుకు తెలియదు, తన పంటకు ఏ పార్లమెంటులో ఎవరు నోరు విప్పలేదో.

ఈ వాదన ప్రొద్దుటూరులో ఉండే మా బావకు చెప్పాను. పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైన మనిషి, ఊరికే ఒప్పుకోడు. "మరి కెనెడీని ఏం చేస్తావు బావా?" అన్నాడు. కెనెడీ అమెరికా అధ్యక్షుడిగా ఉండగా, 1962 అక్టోబర్‌లో, క్యూబాలో సోవియట్ క్షిపణుల గొడవ అణుయుద్ధం అంచుదాకా పోయి ఆగింది. ఆగడానికి ఒక కారణం, టర్కీలో ఉన్న అమెరికా జూపిటర్ క్షిపణులను తీసేస్తామని కెనెడీ తమ్ముడు రాబర్ట్ సోవియట్ రాయబారికి చెవిలో చెప్పిన మాట. అది అమెరికా జనానికి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ బేరం తెగేది కాదేమో. "నీ లెక్కలో ఆయన అబద్ధాలకోరు. నా లెక్కలో మనందరం బతికి ఉండటానికి కారణం."

ఇది గట్టి దెబ్బే. రెండు రోజులు జవాబు దొరకలేదు. ఇప్పుడూ పూర్తిగా దొరికిందనను. ఇల్లు కాలుతుంటే ఊరిని పిలిచి సభ పెట్టడం కుదరదు, నిజమే. అయితే ఆ దాచివేతకూ వడ్డీ పడింది. అమెరికన్లు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, మనవాడు కళ్ళెర్రజేశాడు, అవతలివాడు తోకముడిచాడు అని. ఇచ్చిపుచ్చుకున్నారని కాదు. తర్వాత వచ్చినవాళ్ళకు మెట్టు దిగడం ఇంకా కష్టమైంది. కెనెడీకి కూడా ఇది తెలుసేమో అనిపిస్తుంది, ఎనిమిది నెలలకే 1963 జూన్ 10న అమెరికన్ యూనివర్సిటీలో ఆయన మాట్లాడింది చదివితే. మనమంతా ఈ చిన్న గ్రహం మీదే ఉంటున్నాం, ఒకే గాలి పీలుస్తాం, అందరమూ పోయేవాళ్ళమే అన్న వాక్యాలు అందరూ చెప్పుకుంటారు. నాకు ముఖ్యమనిపించేవి వేరే. సోవియట్‌వాళ్ళు మారాలనడం సరే, మన వైఖరి కూడా మనం తరచి చూసుకోవాలి అని సొంతవాళ్ళతో అన్నాడు. వేరే దేశాలు ఆపినంతకాలం వాతావరణంలో అణుపరీక్షలు మేము చేయం అని ధర కూడా అక్కడే చెప్పాడు. ఆగస్టు 5న మాస్కోలో అణుపరీక్షల పాక్షిక నిషేధ ఒప్పందం, సెప్టెంబర్‌లో సెనేట్‌లో 80–19తో ఆమోదం.

"సరే, సాదాత్?" అన్నాడు బావ. ఇక్కడ మాత్రం మేమిద్దరం ఒకే ఉదాహరణను చెరో చివర పట్టుకుని లాగాం. ఈజిప్ట్ అధ్యక్షుడు అన్వర్ సాదాత్ 1977 నవంబర్ 20న ఇజ్రాయెల్ పార్లమెంటులో నిలబడి మాట్లాడాడు. మన మధ్య ఒక మానసికమైన గోడ ఉంది, సమస్యలో 70 శాతం అదే అన్నాడు. లోకం ఆ ప్రసంగాన్నే గుర్తుపెట్టుకుంది. కానీ దానికి పదకొండు రోజుల ముందు, నవంబర్ 9న, కైరోలో సొంత పార్లమెంటులో చెప్పాడు: నా సైనికుడొకడు గాయపడకుండా ఉంటుందంటే భూమి చివరిదాకా పోతాను, వాళ్ళ పార్లమెంటుకైనా పోతాను. పాలస్తీనా నాయకుడు అరాఫత్ ఆ సభలోనే కూర్చుని ఉన్నాడు. రచ్చకట్ట మీద మాట ముందు, పైవూరు తర్వాత. విదేశాంగ మంత్రి రాజీనామా చేశాడు. 1979లో సంధి కుదిరింది. 1981 అక్టోబర్ 6న సైనిక కవాతు చూస్తుండగా సొంత సైనికులే కాల్చి చంపారు. ఆ మరుసటేడు, ఇజ్రాయెల్ ఆక్రమించిన సినాయ్ దాదాపు మొత్తం ఈజిప్ట్‌కు తిరిగొచ్చింది. సంధి ఇప్పటికీ ఉంది.

"చూసినావా, ఇంట్లో చెప్పినోడు సచ్చినాడు" అన్నాడు బావ.

"ఒప్పందం సావలేదు కదా బావా" అన్నాను నేను. అన్నాక నాకే కొంచెం సిగ్గేసింది. ఒకడి ప్రాణం పోయిన సంగతి కాఫీ తాగుతూ మాట్లాడటం తేలిక.

నాయన ప్రాణానికేమీ కాలేదు. ఆ తర్వాత సొసైటీ ఎన్నికలో ఓడిపోయాడు, అంతే. ఆ ఏడు పల్లంలో జొన్న వేశాం. అమ్మ చాన్నాళ్ళు సణిగింది, సంకటీ రొట్టే తప్ప ఇంట్లో బియ్యపు గింజ లేదని. వంతుల కాగితం పాతబడి మడతల దగ్గర చిరిగితే నేనే ఇంకోసారి రాశాను, అప్పటికి ఇంటర్‌లో ఉన్నాను. "ఎంతకు అమ్ముడుపోయినావు" అని అడిగిన మనిషి పొలం మా పొలానికి కిందిదే. ఆయన మా నాయనతో తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు, ఎదురుపడితే పక్క దారి పట్టేవాడు. శుక్రవారం రాత్రి మాత్రం లాంతరు పట్టుకుని వచ్చి, మా గట్టు మీదే కూర్చుని, తన వంతు నీళ్ళు తను పెట్టుకుని పోయేవాడు.